వచ్చిన పని అయ్యాక
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

నెల్లూరు రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో 27 ఏళ్లు కౌంటర్ వెనక కూర్చున్న మనిషిని నేను. రిజిస్టరులో పేరు, ఊరు, వచ్చిన పని అని గళ్లుండేవి. మూడో గడిలో 'ఆసుపత్రి', 'కోర్టు', 'పెళ్లి', 'రొయ్య పిల్ల' (గుంటల్లో పెంచడానికి కొనేవి) ఇవే ఎక్కువ. 'ఊరు చూడ్డానికి' అని రాసినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కానీ పని అయిపోయి రైలుకి ఇంకా ఐదారు గంటలుంటే, తాళంచెవి బల్లమీద పెట్టి అందరూ ఒకే మాట అడిగేవాళ్లు: "ఇక్కడ చూడ్డానికి ఏముందండీ?" రిటైరయ్యాక పత్రికవాళ్లు ఈ పేజీ ఇచ్చారు. ప్రశ్న మాత్రం మారలేదు.

ప్రశ్న: మా ఆడపడుచు కొడుకు పెళ్లికి నెల్లూరు వస్తున్నాం. పెళ్లి రాత్రికి. మర్నాడు మధ్యాహ్నం రైలు. ఉదయం పూట ఏం చూడొచ్చు? మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: మోకాళ్లన్నారు కాబట్టి కొండల జోలికి పోవద్దమ్మా. తెల్లవారి ఆరున్నరకల్లా ఆటో ఎక్కి "రంగనాయకులపేట, పెద్ద గుడి" అనండి. తల్పగిరి రంగనాథస్వామి గుడి అది. "టెంపుల్ చూడాలి బాబూ" అని మొదలుపెట్టారంటే కొత్తవాళ్లని తెలిసిపోతుంది, ఇక బేరం మీ చేతిలో ఉండదు.

గాలిగోపురం 70 అడుగులు. దానిపైన ఏడు కలశాలు. ఎండ ఇంకా పసుపుగా ఉన్నప్పుడే వాటిని చూడాలి, పదింటికి చూస్తే కళ్లు చిట్లించడంతోనే సరిపోతుంది. లోపల స్వామి పడుకుని ఉంటాడు. ఆదిశేషుడే కొండగా మారి స్వామికి తల్పమయ్యాడని, అందుకే తల్పగిరి అని చెప్తారు. అద్దాల మండపం దగ్గర అత్తగారిని కాసేపు నిలబెట్టండి. ఎటు చూసినా రంగనాథుడే కనిపిస్తాడు.

దర్శనం అయ్యాక చెప్పులేసుకుని అటే వెళ్లిపోయేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. గుడి పక్కనే పెన్న ఉంది తల్లీ! మెట్ల మీద ఓ అరగంట కూర్చోండి. ఏడాదిలో చాలా నెలలు ఇసుక, ఇసుక మధ్యలో పాయలు. 'ఇదా నది' అనిపిస్తుంది. 2021 నవంబరులో ఇదే పెన్న పడుగుపాడు దగ్గర రైలుకట్టను కోసేసింది, హైవే కూడా తెగింది. మా లాడ్జిలో రూములు చాలక వరండాలో దుప్పట్లు పరిచాం. ఎక్కడెక్కడికో పోవాల్సిన వాళ్లు మా మెట్లమీద కూర్చుని ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నారు.

మీరు హనుమకొండవాళ్లు కాబట్టి ఇంకో మాట. 13వ శతాబ్దంలో ఈ ఊరి రాజు మనుమసిద్ధి దాయాదుల చేతిలో సింహాసనం పోగొట్టుకున్నాడు. అప్పుడు ఆయన మంత్రి తిక్కన సోమయాజి బయల్దేరి మీ ఓరుగల్లుకే వచ్చాడు. కాకతి గణపతిదేవుణ్ణి ఒప్పించాడు. గణపతిదేవుడు సైన్యాన్ని పంపి మనుమసిద్ధిని మళ్లీ కూర్చోబెట్టాడు. ఆ తిక్కనే విరాటపర్వం మొదలు స్వర్గారోహణం దాకా 15 పర్వాలు తెలుగు చేసి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. ఈ గుడి దగ్గరి పెన్న ఒడ్డునే కూర్చుని రాశాడని ఊళ్లో అంటారు. అంటే మీరు వస్తున్నది ఆయన తిరిగొచ్చిన దారిలోనే. ఆయనకి ఎన్నాళ్లు పట్టిందో గానీ మీకు రైల్లో ఒక రాత్రి.

ప్రశ్న: కవి తిక్కన, ఖడ్గ తిక్కన ఒకరేనా? మా స్నేహితుడితో పందెం వేశాను. (డిగ్రీ విద్యార్థి, కావలి)

జవాబు: ఒకరే అన్న పక్షం నీదైతే పందెం పోయింది నాయనా. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. ఒకాయన గంటం పట్టాడు, ఒకాయన కత్తి పట్టాడు.

కాటమరాజు కథలో సంగతి ఇది. పైన వానల్లేక కాటమరాజు పశువుల మందల్ని మనుమసిద్ధి బీళ్లకు తోలుకొచ్చాడు. మేతకు పుల్లరి, అంటే గడ్డి పన్ను, ఇస్తానన్నాడు. తర్వాత ఇవ్వనన్నాడు. మాటా మాటా పెరిగి పాలేటి ఒడ్డున యుద్ధమైంది. ఖడ్గ తిక్కన మొదటిసారి వెళ్లి, సైన్యం చెదిరిపోతే ఇంటికి తిరిగొచ్చాడు. భార్య చానమ్మ ఏమీ అనలేదు. స్నానానికి నీళ్లు పెట్టి, చుట్టూ మంచం అడ్డం పెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచింది. ఆడవాళ్లకు పెట్టే ఏర్పాటన్నమాట. ఇదేమిటని ఆయన అడిగితే, ఇంట్లో ఇన్నాళ్లు మేమిద్దరం ఆడవాళ్లం, ఇప్పుడు ముగ్గురమయ్యాం అంది. అన్నానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. పసులూ విరిగాయి, పాలూ విరిగాయి అంది. ఆయన చెయ్యి కడుక్కుని మళ్లీ యుద్ధానికి పోయాడు. ఈసారి రాలేదు.

చిన్నప్పుడు మా నాయనమ్మ ఈ కథ చెబుతూ పాలు విరిగే చోట ఆగి, మా మొహాలు చూసేది. అప్పుడు నాకు ఆ పసుపు ముద్ద మీదే ధ్యాస. ఇప్పుడు మందల సంగతే ముఖ్యమనిపిస్తుంది. మెట్టలో వానలు తప్పితే మంద కిందికి దిగాల్సిందే. కింద చెరువులూ కాలవలూ ఉన్నవాళ్లు గడ్డికి లెక్క కట్టాల్సిందే. ఇప్పటికీ కోతలయ్యాక మెట్ట నుంచి గొర్రెల మందలు డెల్టా పొలాల్లోకి దిగుతాయి. కాకపోతే ఎరువు కోసం రైతే కాపరికి డబ్బులిచ్చి మంద కట్టించుకుంటాడు. పుల్లరి ఎదురు తిరిగింది, అంతే.

ప్రశ్న: మా అమ్మాయికి రెండేళ్లుగా ఉద్యోగం కుదరడం లేదు. రొట్టెల పండుగకి వెళ్లమని అందరూ చెబుతున్నారు. మేం హిందువులం. పద్ధతి ఏమిటి? (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: ఆ టెన్షన్ వద్దమ్మా. అక్కడ ఎవరూ మతం అడగరు. వచ్చేవాళ్లలో సగంమంది బొట్టు పెట్టుకున్నవాళ్లే ఉంటారు.

చోటు బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు గట్టున. బారా అంటే పన్నెండు. యుద్ధంలో చనిపోయిన పన్నెండుమంది వీరుల సమాధులవి. పండగ మొహర్రంలో వస్తుంది. అది చాంద్రమాన లెక్క గనుక ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంటుంది. కిందటేడాది తేదీ చూసి టికెట్ తీసుకునేవాళ్లు ప్రతిసారీ కొందరు ఉంటారు, వాళ్లలో ఒకరు కావద్దు.

పద్ధతి చాలా తేలిక. చెరువులో మోకాలి లోతు నీళ్లలో దిగాలి. కిందటేడు కోరిక తీరినవాళ్లు చేతిలో రొట్టెలు పట్టుకుని నిలబడి "ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె" అని పిలుస్తుంటారు. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె, ఆరోగ్యం రొట్టె, విదేశీ రొట్టె ఇలా ఎన్ని కోరికలుంటే అన్ని రొట్టెలు. మీ అమ్మాయి ఉద్యోగం రొట్టె అడిగి తీసుకుని తినాలి. ఉద్యోగం వచ్చాక రొట్టెలు చేసుకొచ్చి, అడిగినవాళ్లకి పంచాలి. ఆ రెండోది మర్చిపోకూడదు.

ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు చేస్తే ఈ సమాధుల దగ్గరి మట్టితో నయమైందని, చెరువు దగ్గర బట్టలుతికే దంపతులకు కలలో ఆ సంగతి తెలిసిందని కథ. ఏదో సుల్తాను కట్టించిన పండగ కాకుండా చాకిరేవు నుంచి మొదలైన పండగ కావడం నాకిష్టం.

మా లాడ్జికి ఒంగోలు వైపు నుంచి ఒక జంట వచ్చేవాళ్లు. మొదటేడు ఇద్దరే. సంతానం రొట్టె తీసుకున్నారు. తర్వాత ఏడు ఆమె రాలేదు, ఆయనొక్కడే వచ్చి కౌంటర్ దగ్గర స్టీలు డబ్బా తెరిచి నాకే ముందు ఒక రొట్టె ఇవ్వబోయాడు. "నాకెందుకయ్యా, నాకు ముగ్గురు!" అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

రూము సంగతి: పండగ రోజుల్లో స్టేషన్ చుట్టూ ఒక్క గదీ దొరకదు, దొరికినా రేటు వినబుద్ధి కాదు. తెల్లవారుజామున దిగి, నీళ్లలో పని ముగించుకుని, మధ్యాహ్నం రైలెక్కండి. ఒక జత బట్టలు వేరే సంచిలో పెట్టుకోండి.

ప్రశ్న: ఉదయగిరి కోట ఒక పూట పని అని మీరు పోయిన సంచికలో రాశారు. పన్నెండింటికి ఎక్కడం మొదలుపెట్టి సగంలో దిగొచ్చాం. మా ఆవిడ ఇప్పటికీ మాట్లాడటం లేదు. (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: తప్పు నాదే సార్. మీ ఆవిడకు నా తరఫున చెప్పండి. నేను ఎక్కినప్పుడు నాకు ముప్పై ఏళ్లు, పక్కన మేకల కాపరి. ఆ లెక్క పట్టుకుని రాసేశాను. నెల్లూరు నుంచి ఉదయగిరికి సుమారు 100 కిలోమీటర్లు. కొండ శిఖరం సముద్ర మట్టానికి 3,000 అడుగుల పైచిలుకు. ముందు రాత్రే వెళ్లి ఊళ్లో పడుకోవాలి, ఆరింటికల్లా మొదటి మెట్టు మీద ఉండాలి, మనిషికి మూడు లీటర్ల నీళ్లుండాలి. వేసవిలో అసలు వద్దు.

మీరు సగంలో దిగొచ్చారంటే కృష్ణదేవరాయల కష్టం కొంత తెలిసే ఉంటుంది. కోట ఒడిశా గజపతుల చేతిలో ఉండేది. ఆయన 1513లో ముట్టడి వేసి, ఏడాదిన్నర కింద కూర్చుంటే గానీ 1514లో లొంగలేదు. ఎక్కడానికి దారిలేక కొండరాళ్లు పగలగొట్టించి బాటలు వేయించాడంటారు. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి పట్టుకెళ్లి, దానికోసం పెద్ద గుడి కట్టించాడు. హంపి వెళ్లినవాళ్లు కృష్ణాలయం అని చూసొచ్చేది అదే. విగ్రహం మాత్రం ఇప్పుడు అక్కడా లేదు, చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరి వాడు ఉదయగిరిలో తప్ప అన్నిచోట్లా తిరిగాడు పాపం.

ఈసారి పైదాకా వెళ్తే గుళ్ల శిథిలాలతో పాటు మసీదులు కనిపిస్తాయి, గోల్కొండ వాళ్ల కాలంవి. దిగొచ్చాక ఊళ్లో చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే ఇళ్లకు వెళ్లండి. చెంచా పిడి చివర చిన్న పూరేకు చెక్కడం దగ్గర నిలబడి చూశాను. ఉలి రెండు వేళ్ల మధ్య బియ్యపు గింజంత కదులుతుంది, అంతే. ఇంటావిడకి దోసె తిరగేసే అట్లకాడ ఒకటి కొనండి. రాజీకి పనికొస్తుంది.

ప్రశ్న: బెంగళూరు నుంచి నలుగురం వస్తున్నాం. బీచ్ కావాలి, ఒకడికి చరిత్ర పిచ్చి. ఇద్దరికీ సరిపోయేది చెప్పండి. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: మైపాడు బీచ్. నెల్లూరు నుంచి 25 కిలోమీటర్లు. చరిత్ర పిచ్చి ఉన్నవాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టండి, ఇందుకూరుపేట మండలంలో పల్లెపాడు వైపు తిప్పమంటాడు. అక్కడ పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు వచ్చి ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య నడిపారు. స్థలం ఇప్పించింది పొణకా కనకమ్మ. దక్షిణాఫ్రికాలో గాంధీగారి మిత్రుడైన పార్సీ రుస్తుంజీ 10,000 రూపాయలిస్తే కట్టిన భవనం ఉంది. హడావుడి ఉండదు, సెల్ఫీ పాయింటు ఉండదు. మిగతా ముగ్గురూ పది నిమిషాల్లో బోర్ కొడుతోంది అంటారు. అననివ్వండి.

కనకమ్మగారి గురించి రెండు ముక్కలు. పెద్ద భూస్వాముల ఇంటి కోడలు, బడికి పోయి చదువుకోలేదు. అలాంటి మనిషి 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. 1929లో దాని భవనానికి గాంధీగారే శంకుస్థాపన చేశారు. బడి ఇప్పటికీ ఊరి నడిమధ్యే ఉంది. మా చెల్లెలు అక్కడే చదివింది.

మైపాడు దారంతా రొయ్యల గుంటలు, నీళ్లను చిలికే ఏరియేటర్ల చక్రాలు. నేను లాడ్జిలో చేరింది 1995లో. అప్పుడే రొయ్యలకు తెల్లమచ్చ రోగం తగిలింది. అంతకుముందు ఏడాదిదాకా ఏసీ రూములు అడిగినవాళ్లు సింగిల్ రూముకి బేరమాడటం చూశాను. సముద్రంలో నడుము దాటి లోపలికి పోవద్దు, మైపాడు అలకి లోపలికి లాగే గుణం ఉంది. చేపల పులుసు అక్కడ తినకండి, ఊళ్లోకి వచ్చి తినండి. బొమ్మిడాయిలో, కొరమీనో, పుల్ల మామిడికాయ ముక్కలు పడాలి. అసలు రుచి రాత్రి వండి పొద్దున తింటేనే, ఆ సంగతి ఏ హోటల్ వాడూ మీకు చెప్పడు.

ప్రశ్న: నెల్లూరు అనే పేరు ఎలా వచ్చింది తాతయ్యా? (ఆరో తరగతి, గూడూరు)

జవాబు: నెల్లి అంటే ఉసిరి చెట్టు. ఉసిరి చెట్టు కింద శివలింగం బయటపడితే మూలపేటలో మూలస్థానేశ్వరుడి గుడి కట్టారని కథ. నెల్ అంటే అరవంలో వడ్లు కూడా. మొలకొలుకులనే వడ్లు పండే ఊరు గనుక ఆ అర్థం చెప్పినా ఎవరూ కాదనరు. పరీక్షలో మాత్రం మీ టీచరు చెప్పిందే రాయి. మూలపేటకి వెళ్తే వేణుగోపాలస్వామి గుడి కూడా చూడు. దళితులను ఆ గుడిలోకి రానివ్వాలని పొట్టి శ్రీరాములుగారు 1946లో నిరాహార దీక్ష చేశారు. ఆంధ్ర రాష్ట్రం కోసం చేసిన 58 రోజుల దీక్ష అందరికీ తెలుసు, ఈ దీక్ష సంగతి మీ క్లాసులో అడిగి చూడు, ఎంతమంది చెయ్యెత్తుతారో.

ప్రశ్న: మాలకొండ వెళ్తే గుడి మూసి ఉంది. ఎవరికి ఫిర్యాదు చేయాలి? (గుంటూరు)

జవాబు: క్యాలెండర్‌కి. మాల్యాద్రి నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. మీరు వెళ్లింది మంగళవారం అని మీరే రాశారు.

ప్రశ్న: మా నాన్నకి నెల్లూరులో ఆపరేషన్ అయింది. ఆసుపత్రి ఎదురుగా లాడ్జిలో ఉన్నాను. ఐసీయూలోకి సాయంత్రం ఒక్కసారే పంపుతారు. పగలంతా రూములో ఉండలేకపోతున్నాను. ఎక్కడైనా కాసేపు కూర్చునే చోటు చెప్పండి. (కనిగిరి)

జవాబు: ఈ ఉత్తరం వచ్చిన రోజే మీకు విడిగా జవాబు రాశాను. ఇంకొకరికి పనికొస్తుందని ఇక్కడా వేస్తున్నాను.

నరసింహకొండకి వెళ్లు బాబూ. ఊరికి పడమర, పదిహేను కిలోమీటర్ల లోపే. పైదాకా బండి పోతుంది. వేదగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి. సప్తర్షుల హోమగుండాలే కోనేళ్లయ్యాయని చెప్పే నీటి గుంటలున్నాయి అక్కడ. ఉత్సవాల రోజులు కాకపోతే జనం ఉండరు. గుడి పక్కన బండమీద కూర్చుంటే కింద పెన్న వంపు తిరిగి కనిపిస్తుంది. అవతలి గట్టున తెల్లగా జొన్నవాడ కామాక్షమ్మ గుడి. కశ్యపుడు యజ్ఞం చేసిన వాడ గనుక జన్నవాడ, అదే జొన్నవాడ అయిందంటారు. పిల్లల్లేనివాళ్లు, ఒంట్లో బాగాలేనివాళ్లు ఆ గుళ్లో రాత్రి నిద్ర చేస్తారు. నువ్వు చేయాలని చెప్పడం లేదు. పైనుంచి చూస్తే ఆ గుడీ, మధ్యలో ఇసుకలో బట్టలారేసుకునేవాళ్లూ, గేదెల్ని తోలుకుపోయే పిల్లలూ చాలా చిన్నగా కనబడతారు. ఒక గంట ఏమీ ఆలోచించకుండా గడుస్తుంది. మా పెద్దాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను వారం రోజులు అదే పని చేశాను.

ఎనిమిదింటికి బయల్దేరు, పదకొండుకల్లా దిగిపో, బండ కాలుతుంది. టిఫిన్ కింద చేసి పో, పైన ఏమీ దొరకదు. కారం దోసె తిను, కానీ నిద్రలేని కడుపు గనుక ఎర్రకారం తక్కువ వెయ్యమను. వెళ్లేముందు లాడ్జి కౌంటర్లో మీ నాన్న పేరు, వార్డు, నీ ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసిచ్చి పో. ఆసుపత్రివాళ్లు లాడ్జికి మనిషిని పంపితే కౌంటర్లో ఉన్నవాడే నీకు ఫోన్ చేస్తాడు. చేయకపోతే నా పేరు చెప్పు.